అంకమ్మ సమ్మతి

నా భార్య అంకమ్మ చనిపోయిన రెండో ఏడు ప్రభుత్వ పక్షంలో చేరింది. ఇందులో వాదించేదేమీ లేదు. రాతపూర్వకంగా ఉంది. కింద ముద్ర కూడా ఉంది.

బతికుండగా ఆమె ఎవరి పక్షానా లేదు. నా పక్షాన కూడా లేదు. ఆమెది నీళ్ళ పక్షం. మా గులకపాలెంలో బోరు ఎక్కడ వేసినా ఫ్లోరిన్ నీళ్ళే పడతాయి. అవి తాగితే చిన్నతనంలో పళ్ళకు గార పడుతుంది, నడివయసులో మోకాళ్ళు బిగుసుకుంటాయి, ఆ తర్వాత నడుం వంగి నేలను చూస్తూ నడవాలి. ఊరి మొత్తానికి మంచినీళ్ళున్నది ఒక్క బావిలో. దాన్ని తియ్యబావి అంటాం. ఎండాకాలం అదీ అడుగంటుతుంది. అప్పుడు బోరు నీళ్ళే గతి. మాకు పైపు వేసి మంచినీళ్ళిప్పించమని అంకమ్మ ప్రభుత్వం వారి ఉచిత నంబరుకు ఫోన్ చేసేది. ఏళ్ళ తరబడి చేసింది. అవతల ముందుగా ఒక ఆడగొంతు, "మీ సంభాషణ సేవల మెరుగుదల కోసం రికార్డు చేయబడుతుంది" అనేది.

"రికార్డు చేస్తన్నారంట. ఎప్పుడో ఒకప్పుడు ఎవురో ఒకరు ఇనకపోతారా" అనేది అంకమ్మ, ఫోను కొంగుతో తుడిచి నా చేతికిస్తూ.

విన్నారు. ఆమె పోయాక విన్నారు. విన్నది మనిషి కాదు, యంత్రం.

ఆ యంత్రం సంగతి నేను మొదట పేపర్లో చదివాను. చనిపోయినవారి గొంతు కాస్త దొరికితే చాలు, ఆ గొంతుతో ఏ మాటైనా పలికించే తెలివిగల యంత్రం వచ్చిందని, ఇక మృత్యువుకు అర్థమే మారిపోయిందని రాశారు. సైన్సు వార్తల మీద నాకొక అభిప్రాయం ఉంది. చంద్రుడి మీద నీళ్ళున్నాయని కనుక్కుంటారు. అంగారకుడి మీద ఒకప్పుడు నీళ్ళుండేవని కనుక్కుంటారు. గులకపాలెంలో లేవని మాత్రం ఎవరూ కనుక్కోరు. మేము చెప్పినా నమ్మరు. బతికున్నవాళ్ళు మాట్లాడుతుంటే వినే యంత్రం ఇంతవరకు రాలేదు. చచ్చినవాళ్ళ చేత మాట్లాడించే యంత్రం వచ్చింది. పేపరు మడిచి బియ్యం డబ్బా కింద పెట్టాను.

కొద్దిరోజులకే ఊళ్ళోకి జీపు వచ్చింది. అందులోంచి ఉపసంచాలకులు విద్యాధర్ గారు దిగారు. ఆయన శాఖ పేరు చాలా పొడుగు, నాకు నోరు తిరగదు. మా సర్పంచి బ్రహ్మారెడ్డి ఆయనకు కుర్చీ వేయించి, బడి వరండాలో గ్రామసభ పెట్టాడు.

మా ఊళ్ళో గ్రామసభకు మనుషులు రారు. సగం ఊరు హైదరాబాదులో, బెంగుళూరులో ఇళ్ళు కట్టే బేల్దారి పనుల్లో ఉంటుంది. మిగిలిన సగం మిరపకోతకు పోతుంది. కావలసినంత మంది రాకపోతే తీర్మానం చెల్లదు. తీర్మానం చెల్లకపోతే పథకం రాదు. పథకం రాకపోతే బ్రహ్మారెడ్డికి నిద్ర రాదు.

ఈ చిక్కును విద్యాధర్ గారు నిలబడి, గొంతు సవరించుకుని విప్పారు.

"గ్రామసభ అనగా ఓటర్ల జాబితాలో పేరున్న సభ్యుల సమావేశం. సదరు జాబితాను పరిశీలించగా అందులో దివంగతుల పేర్లు గణనీయంగా ఉన్నట్టు గుర్తించడమైనది. పేరున్నంతవరకు వారు సభ్యులే. సభ్యులకు గొంతు లేకపోవడం ఇంతవరకు ఒక సాంకేతిక లోపం. ఆ లోపం ఇప్పుడు తొలగినది."

చచ్చినవాళ్ళ పేర్లు తీసెయ్యమని మా ఊళ్ళో ఎవరూ అడగరు. అడిగితే ఎన్నికలప్పుడు బ్రహ్మారెడ్డికి కోపం వస్తుంది.

"అంటే సచ్చినోళ్ళు గూడా చెయ్యెత్తుతారా సార్?" అని అడిగింది మా పక్కింటి సుబ్బులు.

"చెయ్యి అవసరం లేదమ్మా. మౌఖిక సమ్మతి చాలు."

"మా అత్త గూడానా?"

"మీ అత్తగారు ప్రస్తుతం శిక్షణలో ఉన్నారు."

సుబ్బులు కాసేపు ఆలోచించింది. "బతికుండగా ఆయమ్మకు శిచ్చణ ఇచ్చే మొగోడు పుట్టలేదు సార్" అంది.

తర్వాతి వారం పెట్టెలు తెచ్చారు. బిస్కెట్ల డబ్బాంత నల్ల పెట్టె, దానికి ఒక పచ్చ లైటు. ముందుగా సుబ్బులు అత్త పేరమ్మను పలికించారు. పేరమ్మ గొంతు కూతురి పెళ్ళి వీడియోలో దొరికిందట.

"అమ్మాయ్ సుబ్బులూ, నీవంటి కోడలు దొరకడం నా అదృష్టం" అంది పెట్టె.

సుబ్బులు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పేరమ్మ బతికినంతకాలం ఆ పిల్లను పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. దాని పుట్టింటివాళ్ళ కులాన్నీ, గుణాన్నీ కలిపి పిలిచేది.

"ఇది మా అత్త గాదు సార్" అంది సుబ్బులు. కాస్త ఆగి, "ఐనా ఇంకోసారి అనిపించండి" అంది.

ఇంకోసారి అనిపించారు. సుబ్బులు ఏడ్చింది. వరండాలో ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

తర్వాత నా వంతు.

"నమస్కారం మాలకొండయ్య గారూ. నేను మీ భార్య అంకమ్మను మాట్లాడుతున్నాను. మీ ఆరోగ్యం ఎలా ఉంది?"

గొంతు ఆమెదే. ఆ కీచుదనం, మాట చివర ఆ బొంగురు, అన్నీ ఉన్నాయి. లేవని అబద్ధం చెప్పను. కానీ అది నా పేరు పలికింది. మా వైపు పెళ్ళాం మొగుడి పేరు పలకదు. ఆసుపత్రిలో నర్సు ఎంత గద్దించి అడిగినా అంకమ్మ నా పేరు చెప్పలేదు. నా వంక చూసి ఊరుకుంది. నేనే చెప్పుకున్నాను. ఇంట్లో నేను 'ఇదిగో'. కోపం వస్తే 'ఓ మనిషా'. అంతకు మించి నాకు ఆమె దగ్గర పేరు లేదు.

"ఈమె నా భార్య కాదు" అన్నాను.

"గొంతు సరిపోలినదా లేదా?" అన్నారు విద్యాధర్ గారు.

"సరిపోయింది."

"మరి అభ్యంతరమేమిటి?"

"ఆమె నా పేరు పలకదు. గారూ అనదు. ఆరోగ్యం అడగదు. తిట్టి మాత్ర చేతిలో పెడతది."

ఆయన ఓపిగ్గా చెప్పారు. ఓపికకు ఆయనను మెచ్చుకోవాలి. "పెద్దాయనా, ఆమె మా ఉచిత నంబరుకు చేసిన సంభాషణలన్నీ భద్రంగా ఉన్నాయి. వాటిని యథాతథంగా వాడితే సభామర్యాదకు భంగం. కాబట్టి పరుషపదాలు తొలగించాం. ఆరోపణలు తొలగించాం. ఒకే విషయాన్ని పదేపదే ప్రస్తావించిన భాగాలు తొలగించాం. మిగిలినదానితో ఆమెను నిర్మించాం."

"ఏం మిగిలింది?"

"హలో, నమస్కారం, సరేనండి."

ఆ రోజు నుంచి మా గ్రామసభకు హాజరు తక్కువైంది లేదు. మృతులు వేళకు వచ్చేవారు. వక్కాకు నమిలి గోడల మీద ఉమ్మేవారు కాదు. లెక్కలు అడిగేవారు కాదు. "సచ్చినోళ్ళంత బుద్ధిగా బతికినోళ్ళుంటే ఈ ఊరు ఎప్పుడో బాగుపడేదన్నా" అని బ్రహ్మారెడ్డి నాతో అన్నాడు. అతను హాస్యానికి అనలేదు.

ఊరికీ అలవాటైంది. సాయంకాలం అయ్యేసరికి తమ తమ మృతులతో మాట్లాడటానికి బడి దగ్గర వరస కట్టేవాళ్ళు. తాగి తాగి పోయిన ఒకడు కొడుకును పిలిచి తాగవద్దని బుద్ధి చెప్పాడు. నాన్న తన మేలు కోరాడన్న సంతోషం పట్టలేక కొడుకు ఆ పూట తాగి పడిపోయాడు. పొలం గట్టు దగ్గర కొట్టుకుని జన్మంతా మాట్లాడుకోని అన్నదమ్ములు పెట్టెల్లోంచి ఒకరి క్షేమం ఒకరు అడిగారు. వాళ్ళ పిల్లలు మాత్రం ఆ గట్టు గురించి ఇంకా కోర్టుకు తిరుగుతూనే ఉన్నారు. నేను ఆ వరసలో నిలబడలేదు.

మృతులు మాట్లాడటం ఎక్కువయ్యేకొద్దీ ఎక్కడో ఉన్న యంత్రాలు వేడెక్కాయి. మృతులు మాట మధ్యలో ఆగిపోసాగారు. దాంతో జిల్లాలోని మృతులందరికీ కలిపి ఒక పెద్ద కేంద్రం కట్టాలని, అది గులకపాలెంలోనే కట్టాలని పైవాళ్ళు నిర్ణయించారు. మా ఊరికి ఇంత మర్యాద ఎందుకు దక్కిందో గ్రామసభలో విద్యాధర్ గారు చెప్పారు.

"కేంద్రంలోని యంత్రాలు రాత్రింబవళ్ళు పనిచేస్తాయి. వాటిని చల్లబరచడానికి నీరు అవసరం. పరీక్షలు నిర్వహించగా ఈ ప్రాంతంలో తియ్యబావి నీరు మాత్రమే అనుకూలమని తేలినది."

"ఊరినిండా బోర్లున్నాయి గదయ్యా. ఆ నీళ్ళు పట్టుకోండి" అన్నాను.

"ఆ నీరు యంత్రాలకు పడదు. గొట్టాల్లో గార కడుతుంది. యంత్రాలు చాలా సున్నితమైనవి."

"మరి మేము ఏం తాగాల?"

"బోరు నీళ్ళు. మీకు అలవాటైన నీరే కదా" అన్నారు. మెత్తగానే అన్నారు. ఆయన కుర్చీ పక్కన మూత తీయని నీళ్ళ సీసా ఉంది. ఆయన మా ఊళ్ళో ఎప్పుడూ నీళ్ళు ముట్టలేదు.

ఆ రోజు బతికున్నవాళ్ళు కూడా బాగానే వచ్చారు. ఊళ్ళో ఉన్నవాళ్ళంతా పని మానుకుని వచ్చారు. వద్దనేవాళ్ళు చెయ్యెత్తమంటే వరండా అంతా చేతులే. అప్పుడు విద్యాధర్ గారు పెట్టెల వైపు తిరిగారు.

"తీర్మానాన్ని ప్రతిపాదిస్తున్నది శ్రీమతి అంకమ్మ" అన్నారు.

"ఆమే ఎందుకు?" అని లేచాను.

"నీటి విషయంలో ఆమెకున్న ఆసక్తి మా రికార్డుల ద్వారా రుజువైనది" అని, పెట్టెను అడిగారు. "అంకమ్మ గారూ, తియ్యబావిని కేంద్రానికి అప్పగించడానికి మీకు సమ్మతమేనా?"

"సరేనండి."

ఆ తర్వాత పేరమ్మ సరేనంది. తాగుబోతు సరేనన్నాడు. అన్నదమ్ములు జన్మలో మొదటిసారి ఒక్క మాట మీద నిలబడ్డారు. బతికున్న మేము ఓడిపోయాం.

అంకమ్మ కిడ్నీలు పాడై చనిపోయింది. నీళ్ళవల్లేనని డాక్టరు నోటితో అన్నాడు. కాగితం మీద రాయలేదు.

మర్నాడు ఆమె మరణ ధ్రువపత్రం సంచిలో పెట్టుకుని పట్నంలో విద్యాధర్ గారి కార్యాలయానికి వెళ్ళాను. ఈమె చనిపోయింది, జాబితాలోంచి పేరు తీయించండి, ఓటు కొట్టేయండి అని అడిగాను.

"తీయవచ్చు" అన్నారాయన. "అయితే ఒక సభ్యురాలి పేరు తొలగించే ముందు ఆమె వాదన వినడం సహజ న్యాయసూత్రం. ఇంతకుముందు వినే వీలు లేక ఆ సూత్రాన్ని మృతులకు వర్తింపజేయలేదు. ఇప్పుడు వర్తిస్తుంది."

విచారణకు తేదీ ఇచ్చారు. ఆ తేదీకి వెళితే పెట్టెకు కుర్చీ వేశారు. నేను నిలబడ్డాను.

"అంకమ్మ గారూ, మీరు మరణించారని మీ భర్త ఆరోపిస్తున్నారు. మీ వివరణ?"

"నేను అందుబాటులోనే ఉన్నానండి. మీకు ఏ విధంగా సాయపడగలను?"

ఆయన అది రాసుకున్నారు.

"కుండ భుజాన పెట్టుకుని నడిచింది నేను గదయ్యా. నిప్పు పెట్టింది నేను. ఈ చేత్తోనే పెట్టినా" అన్నాను.

"అర్జీదారు ఉద్రేకపడుతున్నారు. ప్రతివాది ప్రశాంతంగా ఉన్నారు. అది కూడా నమోదు చేయడమైనది."

అప్పుడు నాకు ఒక్కటే దారి తోచింది. "ఆమె ఫోన్లో అన్న అసలు మాటలు మీ దగ్గర ఉన్నాయన్నారు గదా. అవి ఇనిపించండి. నీళ్ళ సంగతి ఆమె ఏమందో ఆమె నోటితోనే ఇనండి" అన్నాను.

ఆయన కాదనలేదు. నిబంధనల్లో కాదనడానికి వీల్లేదట. గుమాస్తా ఏదో నొక్కాడు.

"ఏమయ్యో, ఇంటన్నావా? నిన్న జేసింది నేనే, మొన్న జేసింది నేనే. మీకు మనుషుల మాట తలకెక్కదా? మా పిలకాయల పళ్ళు చూసినావా నువ్వు? నీ పిలకాయలకు ఈ నీళ్ళు పోస్తావా? ఒక్క గుక్క తాగి, మింగి, అప్పుడు ఫోను పెట్టు. రికార్డు చేస్తన్నారంట గదా, చేసుకోండి. మీ పై వోడు ఇంటాడు, వోడి పై వోడు ఇంటాడు. నేను మాత్రం మానుకోను."

గుమాస్తా తల వంచుకున్నాడు. నేను బల్ల అంచు పట్టుకున్నాను. విద్యాధర్ గారు తన నీళ్ళ సీసాను బల్ల మీదినుంచి తీసి కింద పెట్టుకున్నారు. ఆయన మనసు కరిగిందనే అనుకున్నాను. తర్వాత కలం తీసి ఉత్తర్వు రాసి, చదివి వినిపించారు.

"ఒక వ్యక్తి జీవితకాలంలో వెలిబుచ్చిన అభిప్రాయాలు, అదే వ్యక్తి తదనంతరం వెలిబుచ్చిన అభిప్రాయాల దృష్ట్యా రద్దయినట్టు పరిగణించవలెను. వ్యక్తులు కాలక్రమంలో పరిణతి చెందుట సహజము. అర్జీ తిరస్కరించడమైనది."

ఊరికి వచ్చి సుబ్బులును పట్టుకున్నాను. నా ఒక్కడి అర్జీ అంటే తోసేశారు, ఊరంతా పెడితే తోసెయ్యలేరని నా లెక్క.

"నీ అత్త పేరు తీయించమని నువ్వు గూడా అర్జీ పెట్టు. నిన్ను చూసి ఇంకో నలుగురు పెడతారు" అన్నాను.

"నేను పెట్టను మామా."

"నీ పిల్లలు బోరు నీళ్ళు తాగాల. తెలుసా?"

"తెలుసు."

"మరి?"

సుబ్బులు బిందె దించి నా వంక సూటిగా చూసింది. "ఇన్నేళ్ళకు నన్ను ఒకరు మంచిదన్నారు. ఆయమ్మను గూడా సంపమంటావా? నన్నడగబాక మామా" అంది.

ఇక ఎవరినీ అడగలేదు.

మాకు పైపు వేయడానికి దొరకని ఇనుము, సిమెంటు కేంద్రానికి దొరికాయి. చూస్తుండగానే భవనం లేచింది. బావిలో మోటారు దించారు. తొలి నీరు వదిలే రోజు పూజ పెట్టారు. పూజకు దంపతులు పీటల మీద కూర్చోవాలి. తీర్మానం ప్రతిపాదించింది అంకమ్మ కాబట్టి ఆ దంపతులు మేమే అయ్యాం.

భార్య లేనివాడు పీటల మీదికి పనికిరాడు. అంకమ్మ పోయినప్పటి నుంచి నన్ను ఏ శుభకార్యానికీ ముందుకు పిలవలేదు. బ్రహ్మారెడ్డి కొత్త ఇంట్లో పాలు పొంగించేటప్పుడు కాస్త ఎడంగా నిలబడమని పూజారి శేషాచార్యులే నాతో చెప్పాడు. అందుకే ఈ పూజకు వెళ్ళాను. కూర్చోనని చెప్పడానికి వెళ్ళాను. దంపతులు లేకపోతే పూజ ఆగుతుంది. పూజ ఆగితే ముహూర్తం దాటిపోతుంది. మర్నాటి నుంచి ఆషాఢం. ఒక్క నెలైనా బావి మాకు మిగులుతుంది.

రెండు పీటలు వేసి ఉన్నాయి. ఒకదాని మీద రవికెగుడ్డ పరిచి పెట్టె పెట్టారు.

"బొట్టు ఎక్కడ పెట్టమంటారు?" అని అడుగుతున్నాడు శేషాచార్యులు.

"పచ్చ లైటు కింద. గాలి ఆడే రంధ్రాలు మూయకండి" అన్నారు విద్యాధర్ గారు.

నేను అందరికీ వినపడేటట్టు చెప్పాను. "నాకు భార్య లేదు. కూర్చుంటే దోషం. ఆ మాట మీరే చెప్పినారు స్వామీ."

శేషాచార్యులు తటపటాయించాడు. అధికారి వంక చూశాడు, నా వంక చూశాడు, చివరికి వంగి పెట్టెనే అడిగాడు. "అమ్మా, తమరు సుమంగళేనా?"

"అవునండి" అంది పెట్టె.

పూజారి మొహం తేటపడింది. "నిజమే. అంకమ్మ పుణ్యస్త్రీగా పోయింది. పసుపు పూసి సాగనంపిన ఆడవాళ్ళు ఇక్కడే ఉన్నారు. పోయిందన్నా సుమంగళే, పోలేదన్నా సుమంగళే. ఎటు చూసినా దోషం లేదు" అన్నాడు.

"కూచో అన్నా, పెద్దోళ్ళు నిలబడున్నారు" అని బ్రహ్మారెడ్డి నా భుజం నొక్కాడు.

నా దగ్గర ఇంకో వాదన లేదు. కూర్చున్నాను. నా కండువా కొసను పెట్టె వైరుకు ముడి వేశారు. బావి నీళ్ళు చెంబుతో నా చేతికిచ్చి, గొట్టం మూతిలో పొయ్యమన్నారు. తప్పెట మోగింది.

"మాలకొండయ్య గారూ, మీరు మంచినీళ్ళు తాగారా?" అని అడిగింది పెట్టె.

జనం మురిసిపోయారు. "ఆప్యాయత ఈ మధ్యనే జోడించాం" అన్నారు విద్యాధర్ గారు.

చెంబులోకి చూశాను. నీళ్ళు అడుగు కనపడేంత తేటగా ఉన్నాయి.

"ఇదంతా నీ కోసమే గదా. నువ్వే తాగు" అని చెంబెడూ దాని నెత్తిన కుమ్మరించాను.

చిటచిటమంది. కాస్త పొగ వచ్చింది. పచ్చ లైటు ఆరిపోయింది. తప్పెట ఆగింది. బొట్టు కరిగి రవికెగుడ్డ మీదికి జారింది. ఆ కాసేపు మా ఊళ్ళో అంకమ్మ చనిపోయే ఉంది. అది నాకు దక్కింది.

విద్యాధర్ గారు కోప్పడలేదు. డ్రైవరుకు సైగ చేశారు. అతను జీపులోంచి ఇంకో పెట్టె తెచ్చి, తడి పీట తుడిచి దాని మీద పెట్టాడు. పచ్చ లైటు వెలిగింది.

"ఫర్వాలేదండీ" అంది.

ముహూర్తం దాటకుండానే నీళ్ళు వదిలారు. బావి చుట్టూ ముళ్ళకంచె పడింది. నేను బోరు నీళ్ళు తాగుతున్నాను. పొద్దున లేవాలంటే గోడ పట్టుకోవాలి.

అంకమ్మ నా తప్పు ఒక్కటి కూడా ఊరికే పోనివ్వలేదు. కాపురానికొచ్చిన కొత్తలో నేను పగలగొట్టిన పాలదుత్త గురించి ఆసుపత్రి మంచం మీద కూడా తిట్టింది. ఈ పెట్టె మీద నీళ్ళు కుమ్మరిస్తే అక్కడికక్కడే క్షమించింది. ఇంటికి క్షమించని మనిషి ఒకరైనా ఉండాలి. ఇప్పుడు మా ఇంట్లో అది నేనే.

ఇదంతా రాశాను గాని ఎవరితోనూ చెప్పలేదు. ఇక మీద ఎవరు వచ్చి అడిగినా దీని గురించి నోరు విప్పను. విప్పితే నా గొంతు వాళ్ళకు దొరుకుతుంది.